ఉమ్మడి డైరెక్టరీకి 777 మందు కాదు: సెట్‌యూఐడీ, సెట్‌జీఐడీ, స్టికీ బిట్ చేసే పని

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. ఆఫీసులో ఒక ఉబుంటు సర్వర్ ఉంది. అందులో /డేటా/లెక్కలు అనే డైరెక్టరీని ఆరుగురు కలిసి వాడుకోవాలి. ఒకరు పెట్టిన ఫైలును మిగతావాళ్లు చదవగలుగుతున్నారు గానీ మార్చలేకపోతున్నారు. 777 (అందరికీ చదివే, రాసే, నడిపే హక్కు) ఇస్తే మార్చడం కుదిరింది, కానీ ఒకరి ఫైళ్లు ఇంకొకరి చేతిలో చెరిగిపోయాయి. తర్వాత ఎవరో చెప్పారని రూట్‌గా (సర్వాధికారాలున్న యూజర్‌గా) ఉండి, పర్మిషన్లు మార్చే సీహెచ్‌మోడ్ కమాండ్‌తో 4777 ను -ఆర్ తో, అంటే లోపలున్న వాటన్నిటితో సహా, మొత్తం మీద నడిపారు. ఇప్పుడు ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ -ఎల్ కొడితే ఎక్కడ చూసినా ఎస్ అక్షరమే. అదే బిట్‌ను బ్యాకప్ స్క్రిప్టుకు పెట్టినా అది రూట్‌గా నడవడం లేదు.

మిగతాది చదివే ముందు ఆ 4777 ను వెనక్కి తీయండి. ఆ డైరెక్టరీలో రూట్ పేరు మీద నడవగల ప్రోగ్రాం ఫైలు ఒక్కటి ఉన్నా, సర్వర్‌లో ఎవరు దాన్ని నడిపినా అది రూట్ అధికారంతో నడుస్తుంది. ఇదీ కమాండ్:

ఫైండ్ /డేటా/లెక్కలు -పెర్మ్ /6000 -ఎగ్జెక్ సీహెచ్‌మోడ్ యూజీ-ఎస్ {} +

ఇప్పుడు తీరిగ్గా చూద్దాం. మామూలు తొమ్మిది బిట్లు ఓనరు, గ్రూపు, మిగతావాళ్లు ఒక ఫైలును చదవచ్చా, రాయచ్చా, నడపచ్చా అన్నది చెబుతాయి. చదవడం 4, రాయడం 2, నడపడం 1. కూడితే ఒక్కొక్కరికి ఒక్కో అంకె, మొత్తం మూడంకెలు. ఈ మూడు ప్రత్యేక బిట్లు ఆ తొమ్మిదికి ఇంకో మెట్టు అనుకోవడంలోనే తప్పు మొదలవుతుంది. ఇవి పనిచేసేది పేరు మీద. సెట్‌యూఐడీ ఉన్న ప్రోగ్రాం దాన్ని నడిపినవాళ్ల పేరున కాక ఫైలు ఓనరు పేరున నడుస్తుంది. సెట్‌జీఐడీ ఉన్న డైరెక్టరీలో పుట్టిన ఫైలుకు సృష్టించినవాళ్ల గ్రూపు కాక డైరెక్టరీ గ్రూపు వస్తుంది. స్టికీ ఉన్న డైరెక్టరీలో ఒక ఫైలును తీసేయాలంటే ఆ ఫైలు మీ పేరున ఉండాలి. అంకెల్లో సెట్‌యూఐడీ 4, సెట్‌జీఐడీ 2, స్టికీ 1. కూడితే వచ్చే అంకెను మామూలు మూడంకెల ముందు రాస్తాం. మీకు కావలసింది 2, బహుశా 1. మీరు పెట్టింది 4. డైరెక్టరీ మీద 4 కు లైనక్స్‌లో అర్థమే లేదు, సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ దాన్ని పట్టించుకోదు. ఫ్రీబీఎస్‌డీలో సూయిడ్‌డిర్ అనే మౌంట్ ఆప్షన్ ఇస్తే తప్ప అక్కడా అంతే. కానీ -ఆర్ వల్ల అది లోపలి ఫైళ్లకూ పాకింది. ప్రమాదమంతా అక్కడుంది.

మీ అసలు సమస్యకు మందు సెట్‌జీఐడీ. రవి ఒక ఫైలు సృష్టిస్తే దాని గ్రూపు రవి ప్రైమరీ గ్రూపు అవుతుంది. ఉబుంటులో అది రవి పేరుతోనే ఉండే సొంత గ్రూపు. సునీత అందులో సభ్యురాలు కాదు కాబట్టి ఆమె ‘మిగతావాళ్లు’ కిందికి వస్తుంది, చదవడం వరకే కుదురుతుంది. మీరు ఖాతా అని ఉమ్మడి గ్రూపు పెట్టి ఆరుగురినీ చేర్చినా ఇది మారదు, ఎందుకంటే కొత్త ఫైలు ఆ గ్రూపులో పుట్టడం లేదు. డైరెక్టరీ మీద సెట్‌జీఐడీ పెడితే అప్పుడు పుడుతుంది. లోపల కొత్తగా చేసే ఉపడైరెక్టరీలకు గ్రూపుతో పాటు ఆ బిట్ కూడా సంక్రమిస్తుంది, కాబట్టి ఎంత లోతుకు వెళ్లినా నిలుస్తుంది. బీఎస్‌డీ కుటుంబంలోనూ మ్యాక్‌లోనూ ఈ బిట్ లేకుండానే కొత్త ఫైలు డైరెక్టరీ గ్రూపునే తీసుకుంటుంది. మ్యాక్‌లో సరిగ్గా నడిచిన పద్ధతి లైనక్స్ సర్వర్‌కు రాగానే చెడిపోయిందంటే తరచూ కారణం ఇదే.

రూట్‌గా ఈ వరసలోనే చేయండి:

గ్రూప్‌యాడ్ ఖాతా
యూజర్‌మాడ్ -ఏజీ ఖాతా సునీత
సీహెచ్‌జీఆర్‌పీ -ఆర్ ఖాతా /డేటా/లెక్కలు
ఫైండ్ /డేటా/లెక్కలు -టైప్ డీ -ఎగ్జెక్ సీహెచ్‌మోడ్ 02770 {} +
ఫైండ్ /డేటా/లెక్కలు -టైప్ ఎఫ్ -ఎగ్జెక్ సీహెచ్‌మోడ్ 660 {} +

యూజర్‌మాడ్‌లో చిన్న ఏ, పెద్ద జీ రెండూ ఉండాలి. ఏ మరిచిపోతే ఆ మనిషి ఇదివరకున్న అదనపు గ్రూపులన్నింటి నుంచీ బయటికి వస్తారు. సూడో (మామూలు యూజర్ రూట్‌గా పనులు చేయడానికి వీలిచ్చే కమాండ్) గ్రూపు కూడా వాటిలో ఒకటైతే అడ్మిన్ హక్కే పోతుంది. ఆరుగురికీ ఈ కమాండ్ నడిపాక వాళ్లు లాగౌట్ అయి మళ్లీ రావాలి. గ్రూపుల జాబితా లాగిన్ అప్పుడే ప్రాసెస్‌కు అంటుకుంటుంది. అంతకుముందే తెరిచి ఉన్న టెర్మినల్‌లో ఐడీ అని కొట్టి చూడండి, ఖాతా కనిపించదు. పేరు చేర్చినా పనిచేయడం లేదనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ పాత సెషనే.

02770 లో ముందున్న సున్నా అలంకారం కాదు. గ్నూ సీహెచ్‌మోడ్‌కు ఒక అలవాటు ఉంది: డైరెక్టరీ మీద ఉన్న సెట్‌యూఐడీ, సెట్‌జీఐడీ బిట్లను అంకెలతో స్పష్టంగా చెబితే తప్ప తీయదు. మీరు పాత 4777 ఉన్న డైరెక్టరీకి నేరుగా 2770 కొట్టి ఉంటే ఫలితం 6770 అయ్యేది. 755 కొట్టినా ఎస్ అలాగే ఉండిపోతుంది, కమాండ్ పనిచేయలేదేమో అనిపిస్తుంది. అయిదంకెలు రాస్తే, అంటే 02770 లేదా 00755 అంటే, ఉన్నది ఉన్నట్టు ఆ విలువే పడుతుంది. లేదంటే యూ-ఎస్, జీ-ఎస్ అని అక్షరాలతో తీయాలి. మామూలు ఫైళ్ల మీద ఈ మినహాయింపు లేదు, 660 అంటే 660 యే. ఆ డైరెక్టరీలో నడపాల్సిన స్క్రిప్టులుంటే మాత్రం 660 వాటి ఎక్స్‌ను (నడిపే హక్కును) కూడా తీసేస్తుంది, వాటికి విడిగా 770 ఇవ్వండి.

ఇక్కడికి సగం పనే అయింది. గ్రూపు సరిగ్గా వచ్చినా గ్రూపుకు రాసే హక్కు రావాలి, దాన్ని నిర్ణయించేది యూమాస్క్, అంటే కొత్త ఫైలు నుంచి ఏయే హక్కులు తీసేయాలో చెప్పే అంకె. యూమాస్క్ 022 ఉంటే కొత్త ఫైలు 644 గా పుడుతుంది. గ్రూపు ఖాతాయే, కానీ చదవడానికి మాత్రమే. సెట్‌జీఐడీ పెట్టినా తేడా లేదని విసిగిపోయి మళ్లీ 777 కు తిరిగి వెళ్లేది ఇక్కడే. ఆరుగురికీ యూమాస్క్ 002 చేయడం ఒక దారి. అది వాళ్లు వేరేచోట సృష్టించే ఫైళ్లకూ వర్తిస్తుంది. ఒక్క ఈ డైరెక్టరీకే పరిమితం చేయాలంటే డిఫాల్ట్ ఏసీఎల్ (ఆ డైరెక్టరీలో పుట్టే ఫైళ్లకు వచ్చే హక్కుల జాబితా) మేలు:

సెట్‌ఎఫ్ఏసీఎల్ -ఆర్ -డీ -ఎం జీ::ఆర్‌డబ్ల్యూఎక్స్ /డేటా/లెక్కలు

ఇందులో ఆర్ పెద్దది, డీ, ఎం చిన్నవి. డిఫాల్ట్ ఏసీఎల్ ఉన్న డైరెక్టరీలో యూమాస్క్‌ను కెర్నెల్ పక్కన పెడుతుంది. ఎడిటర్ 666 అడిగితే ఫైలు 660 గా పుడుతుంది. కానీ దీనికీ ఒక హద్దుంది. ప్రోగ్రాం తానే తక్కువ అడిగితే ఏసీఎల్ దాన్ని పెంచలేదు. కాపీ చేసే సీపీ కమాండ్ సరిగ్గా ఇదే చేస్తుంది: మూల ఫైలు 644 అయితే కొత్త ఫైలును కూడా 644 తోనే అడుగుతుంది. కాబట్టి ఇంటి డైరెక్టరీలో తయారుచేసి ఇక్కడికి కాపీ చేసిన ఫైలుకు గ్రూపు సరిగ్గానే వస్తుంది, రాసే హక్కు మాత్రం రాదు. సీపీ తర్వాత సీహెచ్‌మోడ్ జీ+డబ్ల్యూ కొట్టాలి. లేదా ఆరుగురి యూమాస్క్‌ను కూడా 002 చేసేస్తే మూల ఫైలే 664 గా పుడుతుంది. రెండూ పెట్టుకోవడం నా సలహా.

ఫైలును తరలించే ఎంవీ కమాండ్‌ది ఇంకో దారి. ఒకే ఫైల్‌సిస్టమ్ లోపల ఎంవీ కొత్త ఫైలును సృష్టించదు, ఉన్నదానికే చోటు మారుస్తుంది. సెట్‌జీఐడీ పనిచేసేది పుట్టుక అప్పుడు మాత్రమే కాబట్టి అది పాత గ్రూపుతోనే వచ్చి కూర్చుంటుంది. సీపీ -పీ, సీపీ -ఏ, ఆర్‌సింక్ -ఏ కూడా పాత గ్రూపును నిలబెట్టడానికే చూస్తాయి. ‘కొన్ని ఫైళ్లు సరిగ్గా ఉన్నాయి, కొన్ని లేవు’ అన్న పరిస్థితి వస్తే ముందు ఆ ఫైలు లోపలికి ఎలా వచ్చిందో అడగండి. ఇక విండోస్ నుంచి సాంబా (విండోస్ మెషీన్లకు ఫైళ్లు పంచే ప్రోగ్రాం) ద్వారా వచ్చేవాళ్లుంటే సాంబాకు తన సొంత మాస్కులున్నాయి. డిఫాల్ట్‌గా క్రియేట్ మాస్క్ 0744, అది గ్రూపు రాతను కోసేస్తుంది. ఆ షేరు కింద క్రియేట్ మాస్క్ 0660, డైరెక్టరీ మాస్క్ 2770 పెట్టండి.

రెండో ఫిర్యాదు చెరిపివేత గురించి. యూనిక్స్‌లో ఫైలును చెరపడమంటే డైరెక్టరీలో ఒక పేరును కొట్టేయడం. కాబట్టి కావలసిన హక్కు డైరెక్టరీ మీద రాసే హక్కే తప్ప ఫైలు మీద కాదు. ఫైలు 400 అయినా, వేరేవాళ్లదైనా, డైరెక్టరీలో రాయగలిగిన ఎవరైనా దాన్ని తీసేయగలరు. దీన్ని ఆపడానికే స్టికీ. అది ఉన్న డైరెక్టరీలో ఫైలును తీసేయాలన్నా పేరు మార్చాలన్నా మీరు ఆ ఫైలు ఓనరై ఉండాలి, లేదా ఆ డైరెక్టరీ ఓనరై ఉండాలి, లేదా రూట్ అయి ఉండాలి. /టీఎంపీ 1777 గా ఉండేది ఇందుకే. (‘అంటుకునేది’ అన్న ఈ పేరు పాత యూనిక్స్ నుంచి వచ్చింది. ఆ రోజుల్లో ప్రోగ్రాం ఫైలు మీద ఈ బిట్ పెడితే, అది ముగిశాక కూడా దాని కోడ్ భాగం స్వాప్‌లో అంటిపెట్టుకుని ఉండేది, మళ్లీ త్వరగా మొదలయ్యేది. లైనక్స్‌లో ఇవాళ ఫైలు మీద ఈ బిట్‌కు ప్రభావం లేదు.)

మీకు అలా కావాలంటే 02770 బదులు 03770. పెట్టేముందు మూడు సంగతులు ఆలోచించండి. స్టికీ ఉపడైరెక్టరీలకు సంక్రమించదు. సెట్‌జీఐడీ దిగుతుంది, ఇది దిగదు. రవి రేపు లోపల కొత్త డైరెక్టరీ చేస్తే అందులో మళ్లీ ఎవరైనా ఏదైనా చెరపవచ్చు. రెండోది, స్టికీ ఫైలు లోపలి రాతను కాపాడదు. గ్రూపుకు రాసే హక్కుంటే సునీత ఆ ఫైలును తెరిచి మొత్తం ఖాళీ చేసి సేవ్ చేయగలదు, స్టికీ అడ్డు చెప్పదు. మూడోది అందరికీ తట్టనిది: కొన్ని ప్రోగ్రాములు సేవ్ చేసేటప్పుడు పక్కన తాత్కాలిక ఫైలు రాసి, దానికి పాత ఫైలు పేరు పెడతాయి. ఇంకొకరి ఫైలు స్థానంలో పేరు మార్చడమంటే స్టికీ దృష్టిలో ఆ ఫైలును తీసేయడమే, కాబట్టి ఒప్పుకోదు. ఎడిటర్‌లో ఫైలు తెరుచుకుంటుంది, మార్చనిస్తుంది, సేవ్ దగ్గర మొరాయిస్తుంది. అందువల్ల ఆరుగురూ ఒకే ఫైళ్లను మార్చుకునే చోట స్టికీ పెట్టవద్దు. ఒకరు పెడితే మిగతావాళ్లు చదువుకునే చోట, బిల్లుల స్కాన్ కాపీల్లాంటి వాటికి, పెట్టండి. మొదటి రకానికి రక్షణ బ్యాకప్ ఒక్కటే.

స్టికీ డైరెక్టరీల్లో ఇంకో చిక్కు ఉంది. రూట్‌గా నడిచే స్క్రిప్టు /టీఎంపీలో ఉన్న వేరే యూజర్ ఫైలులోకి రాయబోతే ‘పర్మిషన్ డినైడ్’ వస్తుంది. రూట్‌కు కాదనడమేమిటని గంటలు పోతాయి. ఇది ఎఫ్ఎస్.ప్రొటెక్టెడ్_రెగ్యులర్ అనే కెర్నెల్ సెట్టింగ్ పని, 4.19 కెర్నెల్‌లో వచ్చింది. అందరూ రాయగల స్టికీ డైరెక్టరీలో ఒకరు ముందే ఫైలు పెట్టి ఉంచి, రూట్ దాన్ని తనదనుకుని రాసేలా చేసే మోసాన్ని అది ఆపుతుంది. సింబాలిక్ లింకులకు, హార్డ్ లింకులకు ఇలాంటి కాపలా 3.6 నుంచే ఉంది. ఆ సెట్టింగ్‌ను ఆపేయకండి. స్క్రిప్టులో ఎంకేటెంప్ వాడి కొత్త పేరుతో ఫైలు చేసుకోండి.

ఇప్పుడు సెట్‌యూఐడీ. ఇది దేనికి పుట్టిందో పాస్‌వర్డ్ మార్చే ప్రోగ్రామే చెబుతుంది. పాస్‌వర్డ్ హ్యాష్‌లు /ఈటీసీ/షాడో లో ఉంటాయి, దానిలో రాయగలిగేది రూట్ మాత్రమే. కానీ ప్రతి యూజర్ తన పాస్‌వర్డ్ తాను మార్చుకోగలగాలి. ఫైలును అందరికీ తెరవకుండా, ఆ ఒక్క పనిని నమ్మకంగా చేసిపెట్టే ప్రోగ్రాంకు మాత్రం రూట్ పేరు ఇస్తారు. అది నడిచినప్పుడు ప్రాసెస్‌కు రెండు గుర్తింపులుంటాయి: నడిపింది ఎవరో చెప్పే రియల్ ఐడీ, ఎవరి అధికారంతో నడుస్తోందో చెప్పే ఎఫెక్టివ్ ఐడీ. మొదటిది చూసి ‘నీ పాస్‌వర్డ్ మాత్రమే మార్చగలవు’ అంటుంది, రెండోదానితో షాడో ఫైలులో రాస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ ఆలోచన ఇది. దానికి అమెరికాలో 1979 లో పేటెంట్ కూడా వచ్చింది, తర్వాత దాన్ని అందరి వాడకానికీ వదిలేశారు.

మీ బ్యాకప్ స్క్రిప్టు సంగతి: షీబ్యాంగ్‌తో (ఏ ప్రోగ్రాంతో నడపాలో చెప్పే #! వరుసతో) మొదలయ్యే స్క్రిప్టుల మీద సెట్‌యూఐడీని లైనక్స్ కావాలనే పట్టించుకోదు. కెర్నెల్ స్క్రిప్టు మొదటి వరుస చదివి స్క్రిప్టును నడిపే బ్యాష్‌ను మొదలుపెడుతుంది, బ్యాష్ అదే పేరుతో ఫైలును మళ్లీ తెరుస్తుంది. ఈ రెంటి మధ్య రెప్పపాటు వ్యవధి ఉంది. దాడి చేసేవాడు మీ స్క్రిప్టుకు సింబాలిక్ లింకు పెట్టుకుని, దాన్ని నడిపి, ఆ వ్యవధిలో లింకును తన సొంత స్క్రిప్టు వైపు తిప్పితే, రూట్ అధికారంతో మొదలైన బ్యాష్ వాడి ఫైలును నడుపుతుంది. అందుకే ఆ దారినే మూసేశారు. దాన్ని తప్పించుకోవడానికి స్క్రిప్టును పిలిచే చిన్న సీ ప్రోగ్రాం రాసి దానికి 4755 పెట్టే పద్ధతి ఒకటి చలామణిలో ఉంది. దయచేసి అది చేయకండి. రియల్, ఎఫెక్టివ్ ఐడీలు వేరైతే బ్యాష్ తనంతట తాను అధికారం వదులుకుంటుంది కాబట్టి మొదట అది పనిచేయదు. పనిచేయించడానికి సెట్‌యూఐడీ ఫంక్షన్‌ను సున్నాతో (రూట్ నంబరుతో) పిలిస్తే, అప్పుడు పాత్ (కమాండ్లను ఏ డైరెక్టరీల్లో వెతకాలో చెప్పేది) లాంటి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అన్నీ నడిపేవాడి చేతిలోనే ఉంటాయి. స్క్రిప్టులో మీరు టార్ అని రాస్తే వాడి డైరెక్టరీలోని టార్ నడవచ్చు.

సరైన దారి సూడో. సూడో నియమాలు రాసే వైసూడో తెరిచి, ఫలానా యూజర్ ఫలానా స్క్రిప్టును మాత్రం రూట్‌గా నడపవచ్చని, ఆ స్క్రిప్టు పూర్తి పాత్‌తో ఒక వరుస రాయండి. స్క్రిప్టు ఓనరు రూట్, పర్మిషన్ 755 ఉండాలి. దానికి పైనున్న డైరెక్టరీలు కూడా రూట్‌వే అయి, వేరేవాళ్లు రాయలేనివిగా ఉండాలి. స్క్రిప్టును /డేటా/లెక్కలు లోనే ఉంచితే ఆరుగురిలో ఎవరైనా దాని స్థానంలో వేరేది పెట్టి రూట్ అయిపోగలరు. రోజూ రాత్రి నడవాల్సిన బ్యాకప్ అయితే ఇంత కూడా అక్కర్లేదు, రూట్ క్రాన్‌లో (వేళకు పనులు నడిపే దానిలో) పెట్టండి.

సెట్‌యూఐడీ ఉన్న ప్రతి ప్రోగ్రాం ఎంత జాగ్రత్తగా రాసి ఉండాలో సూడో లాంటి పీకేఎగ్జెక్ అనే ప్రోగ్రాం ఉదంతం చూపింది. 2009 నుంచీ దానిలో ఉన్న లోపం 2022 జనవరిలో బయటపడింది. ఒక్క ఆర్గ్యుమెంట్ కూడా లేకుండా, కనీసం ప్రోగ్రాం పేరు కూడా ఇవ్వకుండా పిలిస్తే, అది ఎన్విరాన్‌మెంట్ భాగాన్ని ఆర్గ్యుమెంట్ అనుకుని చదివేది. దానితో మామూలు యూజర్ ఎవరైనా రూట్ కాగలిగేవారు. ప్యాచ్ వచ్చేలోపు తాత్కాలిక చికిత్సగా చెప్పింది ఒక్క వరుస: సీహెచ్‌మోడ్ 0755 /యూఎస్ఆర్/బిన్/పీకేఎగ్జెక్. బిట్ తీసేస్తే రంధ్రమూ పూడుతుంది.

సెట్‌యూఐడీ పెట్టాననుకున్నా పనిచేయని సందర్భాలు ఇంకొన్ని ఉన్నాయి. సీహెచ్‌ఓన్‌తో ఓనరును మారిస్తే నడవగల ఫైళ్ల మీది బిట్ రాలిపోతుంది, రూట్ చేసినా సరే. అందుకే ముందు సీహెచ్‌ఓన్, తర్వాత సీహెచ్‌మోడ్. మామూలు యూజర్ ఆ ఫైలులో రాసినా కెర్నెల్ బిట్‌ను తీసేస్తుంది. ఫైల్‌సిస్టమ్ నోసూయిడ్ (ఈ బిట్లను పట్టించుకోవద్దనే ఆప్షన్) తో మౌంట్ అయి ఉంటే బిట్ కనిపిస్తుంది గానీ పనిచేయదు, ఫైండ్‌మౌంట్‌తో చూసుకోండి. మామూలు యూజర్ ఎస్‌ట్రేస్ (ప్రోగ్రాం చేసే పనులను గమనించే సాధనం) కింద నడిపితే కూడా పనిచేయదు, దాన్ని చూసి ప్రోగ్రామే చెడిపోయిందని అనుకోకండి. మీ /డేటాకు నోసూయిడ్ పెట్టడం మంచిదే. అది ప్రోగ్రాం ఫైళ్ల మీది బిట్లనే నిర్వీర్యం చేస్తుంది, డైరెక్టరీల సెట్‌జీఐడీ యథాతథంగా పనిచేస్తుంది.

ఎస్ పెద్దదా చిన్నదా అన్న ప్రశ్న మిగిలింది. ఎల్ఎస్‌లో ప్రత్యేక బిట్లకు సొంత గడి లేదు, ఎక్స్ గడినే పంచుకుంటాయి. కింద ఎక్స్ కూడా ఉంటే చిన్న ఎస్, లేకపోతే పెద్ద ఎస్. స్టికీకి ‘మిగతావాళ్ల’ ఎక్స్ గడిలో అలాగే చిన్న టీ, పెద్ద టీ. ఫైలు మీద పెద్ద ఎస్ అంటే దాదాపు ఎప్పుడూ పొరపాటే: ఎవరి పేరున నడవాలో చెప్పారు, నడిచే హక్కు ఇవ్వలేదు. పెద్ద టీ అలా కాదు. మీ 03770 డైరెక్టరీకి చివర పెద్ద టీయే కనిపిస్తుంది, ఎందుకంటే మిగతావాళ్లకు ఎక్స్ ఇవ్వలేదు. డెబియన్, ఉబుంటుల్లో యూజర్ల క్రాన్‌ట్యాబులు ఉండే డైరెక్టరీ 1730 గా ఉండేదీ ఇలాగే, అది సరైనదే. అక్షరాలతో తికమక పడేకంటే స్టాట్ -సీ తో పాటు శాతం గుర్తు, చిన్న ఏ ఇస్తే నేరుగా అంకెలే వస్తాయి.

చివరగా, ఆ -ఆర్ పొరపాటు ఎప్పుడైనా /యూఎస్ఆర్ మీద జరిగిందేమో కూడా చూడండి. 755 ను /యూఎస్ఆర్/బిన్ మీద -ఆర్ తో నడిపితే సూడో నుంచే సెట్‌యూఐడీ పోతుంది. అప్పుడు సూడో తన ఓనరు నంబరు సున్నా (రూట్) అయి ఉండాలనీ సెట్‌యూఐడీ బిట్ ఉండాలనీ ఫిర్యాదు చేసి ఆగిపోతుంది. రికవరీ మోడ్‌లో రూట్ షెల్ తెరిచి, డిస్కును రాయగలిగేలా రీమౌంట్ చేసి, సూడోకు 4755 ఇచ్చి, మిగతా ప్యాకేజీలను రీఇన్‌స్టాల్ చేయాలి. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఆర్‌పీఎం -వీ ఏయే ఫైళ్ల మోడ్ మారిందో ఎం అక్షరంతో చూపిస్తుంది. ఉబుంటులో డీపీకేజీ వెరిఫై ఫైళ్ల మోడ్‌ను (పర్మిషన్లను) పోల్చదు, కాబట్టి బాగున్న సర్వర్‌లో ఈ జాబితా తీసి దాచుకోండి:

ఫైండ్ / -ఎక్స్‌డెవ్ -టైప్ ఎఫ్ -పెర్మ్ /6000 -ఎల్ఎస్

-ఎక్స్‌డెవ్ ఒక్క ఫైల్‌సిస్టమ్‌కే పరిమితం చేస్తుంది, /హోమ్, /డేటా విడి డిస్కులైతే వాటి మీద విడిగా నడపండి. అలా వచ్చిన జాబితాలో మీ సర్వర్‌కు అక్కర్లేని ప్రోగ్రాం ఏదైనా ఉంటే బిట్‌ను సీహెచ్‌మోడ్‌తో తీయడం చాలదు, తర్వాతి అప్‌డేట్ దాన్ని తిరిగి తెస్తుంది. డీపీకేజీ-స్టాట్‌ఓవర్‌రైడ్‌కు --యాడ్, --అప్‌డేట్ ఆప్షన్లతో ఓనరు, గ్రూపు, 0755, పాత్ ఇచ్చి నమోదు చేస్తే అప్‌డేట్ తర్వాత కూడా మీరు పెట్టినట్టే ఉంటుంది.